ఎర్ర బానెట్ కారు

"పట్టపగలు, పాతికమంది తిరుగుతున్న చోట, కారు ఎలా పోతుందండీ?" అన్నాడు డెప్యూటీ షెరీఫ్ రాయిస్ కెండ్రిక్. అలా అంటున్నప్పుడు అతని కొత్త పికప్ ట్రక్కు వెనక చక్రాలు ఇరుసు దాకా బురదలో దిగిపోయి ఉన్నాయి.

రాష్ట్ర పోలీసుల్లో డిటెక్టివ్‌గా పనిచేసి, మానేసి, ఇప్పుడు సొంతంగా కేసులు చూసుకుంటున్న హెస్టర్ బ్లాంచర్డ్ అదే బురద మీదుగా తన పాత సుబారు వ్యాగన్‌లో నింపాదిగా వచ్చి, వెండెల్ అనే పెద్దాయన బండ్లు బాగుచేసే కొట్టం ముందు దిగింది. నీలం బండికి పసుపు తలుపు. మార్చి ఆఖర్న వెర్మాంట్ మట్టిరోడ్ల మీద ఎవరు తేలతారో, ఎవరు మునుగుతారో ముందే చెప్పడానికి డిటెక్టివే కానక్కర్లేదు.

"మీ ట్రక్కుని లాగించమంటారా?" అంది.

"ముందు నేరం సంగతి చూద్దాం," అన్నాడు రాయిస్, మొహం గంటు పెట్టుకుని.

నేరం సంగతి ఇది. పోయింది లొరెయిన్ పెల్కీ కారు. లొరెయిన్ ఈస్ట్ టాల్కాట్ కొండదారుల్లో ఉత్తరాలు పంచుతుంది. ఉత్తరాల పెట్టెలన్నీ రోడ్డుకి కుడిపక్కన ఉంటాయి కనక ఆవిడ కారుకి స్టీరింగ్ కుడివైపు ఉంటుంది. ఆ దేశంలో అందరి కార్లలోనూ డ్రైవరు ఎడమ పక్క కూచుంటే ఈవిడ ఒక్కతే కుడి పక్క. ఆ చుట్టుపక్కల అలాంటి సుబారు ఇంకోటి లేదు. సోమవారం పొద్దున కారుతో రాకపోతే రూటు ఇంకొకరికి ఇవ్వక తప్పదని పోస్టుమాస్టరు చెప్పేశాడు. టైమింగ్ బెల్టు అరిగి బండి మూలపడి అప్పటికే రెండు వారాలైంది.

అందుకే ఆ శనివారం పాత సుబారుల వాళ్ళంతా వెండెల్ కొట్టంలో చేరారు. అది వాళ్ళ అలవాటు. వంతులవారీగా ఒక్కొక్కరి బండిని అందరూ కలిసి బాగుచేస్తారు. తాళాలన్నీ తలుపు పక్కన మేకులకి వేలాడతాయి. ఎవరూ ఎవర్నీ అనుమానించరు.

మధ్యాహ్నం పన్నెండుకి లొరెయిన్ ఇంజన్ మొదటి తిప్పుకే లేచింది. అందరూ చప్పట్లు కొట్టారు. వెండెల్ భార్య పెర్ల్ గంట కొట్టి తిండికి పిలిచింది. ఒంటిగంటకి తిరిగొచ్చేసరికి కారు నిలబెట్టిన చోట నూనె చుక్కలు తప్ప ఏమీ లేవు.

"హెస్టర్," అంది లొరెయిన్, పరుగున వచ్చి చెయ్యి పట్టుకుని. ఏడుపు ఆపుకుంటోంది, కోపం మాత్రం ఆపుకోవడం లేదు. "ఆ రూటులో ప్రతి కుక్క పేరూ నాకు తెలుసే. ప్రతి ముసలమ్మ మోకాళ్ళ నొప్పీ నాకు తెలుసు. అది పోతే నేనేం చెయ్యాలి, ఇంట్లో కూచుని స్వెట్టర్లు అల్లనా?"

"నీకు అల్లడం వచ్చా?"

"రాదు!"

"అయితే కారు దొరకాల్సిందే," అంది హెస్టర్. లొరెయిన్ నవ్వలేక నవ్వింది.

రాయిస్ గొంతు సవరించుకున్నాడు. "నేను దొంగని పట్టేశాను. వెండెల్ టిబో. కొట్టం ఆయనది. ఆ కారు స్టీరింగ్ సెట్టు మీద ఆయనకి పదేళ్ళుగా కన్నుందని ఊరంతా చెబుతోంది. పన్నెండుంపావు నుంచి ఒంటిగంట దాకా ఎక్కడున్నావయ్యా అంటే నోరు విప్పడు. ఇంకేం కావాలి?"

వెండెల్ ఓ మూల బకెట్టు బోర్లించుకుని దాని మీద కూచున్నాడు. డెబ్భై దాటిన మనిషి, చేతులనిండా గ్రీజు. హెస్టర్ వెళ్ళి పక్క బకెట్టు మీద కూచుంది.

"ఎక్కడున్నావు పెద్దాయనా?"

"చెప్పను."

"పెర్ల్ వినడంలేదులే. అవతల కాఫీ పోస్తోంది."

వెండెల్ ఓరకంట వంటింటి వేపు చూశాడు. హెస్టర్ ఆయన గడ్డం కేసి చూసింది. నెరిసిన గడ్డమే గాని, అందులో కొంత తెలుపు వయసుది కాదు.

"డాక్టరు నీకు తీపి మానెయ్యమన్నాడు కదూ?"

"ఆఁ."

"కట్టెల పాక వెనక ఎన్ని డోనట్లు తిన్నావు?"

వెండెల్ మొహం కందగడ్డ అయింది. "ఆరు," అన్నాడు చాలా చిన్న గొంతుతో. "నన్ను జైల్లో వేయించు తల్లీ. పెర్ల్‌కి మాత్రం చెప్పకు."

హెస్టర్ లేచి రాయిస్ దగ్గరికొచ్చింది. "ఆయన కాదు. సాక్ష్యం గడ్డంలో ఉంది, డోనట్ల మీది చక్కెర పొడి. కట్టెల పాక వెనక ఖాళీ డబ్బా కూడా దొరుకుతుంది, చూసుకోండి."

"డోనట్లు తిన్నవాడు దొంగతనం చెయ్యకూడదని చట్టంలో ఎక్కడుంది?"

"ఆరు తిన్నవాడు అంత చురుగ్గా కదలగలడని మీరు నమ్ముతున్నారా?"

చుట్టూ ఉన్నవాళ్ళు కిసుక్కుమన్నారు. రాయిస్ వాళ్ళ వేపు తిరిగి, "ఎవరూ ఇక్కణ్ణించి కదలకూడదు!" అన్నాడు. కదలాలని ఎవరికీ లేదు. రెండో దఫా కాఫీ వస్తోంది మరి.

కొట్టం నుంచి గేటుకి ఒకటే బాట. గేటు దగ్గర, బయటికి పోయేవాళ్ళకి ఎడమ పక్కన, ఆర్మాండ్ గాన్యాన్ మేపుల్ చెట్ల రసాన్ని పాకంగా కాచే పాక ఉంది. పాక నిండా తియ్యటి ఆవిరి. ఆర్మాండ్ పొడుగాటి పెనం మీద వంగి నురగ తీస్తున్నాడు.

"చూశాను," అన్నాడు తలెత్తకుండానే. "మంచు మీద పోసుకు తినడానికి మొదటి వాయి పాకం పంపించి, రెండోది కాస్తున్నాను. పన్నెండున్నర అయ్యుంటుంది. ఎర్ర బానెట్, పైన పోస్టు దీపం. లొరెయిన్ బండిని గుడ్డివాడు కూడా పోల్చుకుంటాడు. బాగైన బండిని నడిపి చూసుకుంటోంది కాబోలు అనుకున్నాను."

"లొరెయిన్ ఆ వేళకి వంటింట్లో, పాకంతో నంజుకునే ఊరేసిన దోసకాయలు తరుగుతోంది. నువ్వు మనిషిని చూశావా?"

"ఈ ఆవిరిలోనా? చేతి తొడుగు కనిపించింది. నాకు ఊపింది. నేనూ గరిట ఊపాను."

"అప్పుడు నువ్వు ఎక్కడ నిలబడ్డావు?"

"ఇదుగో, ఇక్కడే. ఈ గుమ్మంలో. హెస్టర్, కిటికీలోంచి మోచెయ్యి బయటికి పెట్టి మరీ ఊపింది, ఇంచుమించు నా గరిట తగిలేది."

హెస్టర్ ఆ గుమ్మంలో నిలబడింది. బాట వేపు చూసింది. కొట్టం వేపు చూసింది. మళ్ళీ బాట వేపు చూసింది. ఆవిడ పెదాల మీదికి మెల్లగా నవ్వొచ్చింది.

"ఏంటి?" అన్నాడు ఆర్మాండ్.

"పాకం మాడుతోంది చూసుకో. ఒక్క మాట. రెండో వాయి దగ్గరికి ఆలస్యంగా వచ్చిందెవరు?"

ఆర్మాండ్ గరిట తిప్పుతూ ఆలోచించాడు. "డ్వేన్. గిన్నెలు కడిగేవేళకి వచ్చాడు. గోకి పెట్టాను పాపం. ఆకలితో ఉన్నాడు."

డ్వేన్ స్పూనర్ ఆ బృందంలో అందరికన్నా కొత్త. కిందటేడు వెచ్చటి దక్షిణాది ఊరొకటి వదిలి ఇక్కడికి వచ్చాడు. లొరెయిన్ సెలవు పెట్టిన రోజుల్లో ఆవిడ బదులు ఉత్తరాలు పంచేది అతనే. అతని బండి కూడా లొరెయిన్ బండిలాగే నీలం సుబారు వ్యాగనే, కాకపోతే బూడిదరంగు బానెట్, మామూలుగా ఎడమ పక్క స్టీరింగ్. ఎడమ కాలితో పెడళ్ళు తొక్కుతూ, కుడి సీట్లోకి ఒరిగి పెట్టెల్లో ఉత్తరాలు పడేస్తూ తిరిగేవాడు. చూసినవాళ్ళకి జాలేసేది. అతని బండి మూడు వారాలుగా కొట్టం వెనక గోడ దగ్గర టార్పాలిన్ కప్పుకుని వంతు కోసం కూచుంది.

హెస్టర్ కొట్టంలోకి వచ్చేసరికి అతను లొరెయిన్‌కి కాఫీ అందిస్తున్నాడు.

"పాపం, ఎంత అన్యాయం జరిగిందండీ," అన్నాడు హెస్టర్‌తో. "ఆ రూటు నాకిస్తామన్నా నేను తీసుకోనని చెప్పాను. బలవంతం చేస్తే తప్ప."

"మంచి మనసు," అంది హెస్టర్, అతని బూట్ల కేసి చూస్తూ.

కొట్టంలో ఉన్న బూట్లన్నీ మడమ నుంచి పిక్క దాకా బురద ముద్దలే. పెర్ల్ బూట్లయితే బూట్లని పోల్చుకోవడమే కష్టం. డ్వేన్ బూట్లు మాత్రం కడిగి ఆరబెట్టినట్టున్నాయి. బాట మీద బురద తప్ప ఏమీ లేని రోజున కాళ్ళని కడిగేది ఒక్కటే. అడవిలో, చెట్ల నీడన, ఇంకా కరగని మంచు.

హెస్టర్ ఆ ముక్క పైకి అనలేదు. కొట్టమంతా ఓసారి తిరిగింది. లొరెయిన్ కారు నిలబెట్టిన చోటు చూసింది. వెనక గోడ దగ్గరికి నడిచింది. డ్వేన్ బండి అక్కడే ఉంది. టార్పాలిన్ నాలుగు వేపులా తాళ్ళతో కట్టేసి ఉంది, బూడిదరంగు బానెట్ కొస మాత్రం బయటికి కనిపిస్తోంది. కప్పిన బండి కప్పు తీసే హక్కు సొంతదారుడిదే. అది కొట్టం మర్యాద. హెస్టర్ ముట్టుకోలేదు. వంగి చూసింది. బానెట్‌కీ మడ్‌గార్డుకీ నడుమ ఎడమ పక్క సందే లేదు, కుడి పక్క మాత్రం వేలు దూరేంత ఉంది.

బండికి కుడి పక్కన, తలుపు కింద, వెండెల్ కుక్క హంఫ్రీ గొంతుకూచుని ఉంది. పైకి చూస్తోంది. చొంగ కారుస్తోంది.

"ఇదెప్పట్నించి ఇక్కడ?" అని అడిగింది హెస్టర్.

"తిండివేళ నుంచీ," అన్నాడు వెండెల్. "డోనట్ చూపించినా రాలేదు." అని నాలిక కరుచుకున్నాడు.

"ఏం డోనట్?" అంది పెర్ల్ వెనకనుంచి.

ఈలోగా రాయిస్ సహనం అయిపోయింది. గొలుసు బేడీలు చేతిలోకి తీసుకున్నాడు. "చాలండి మిస్ బ్లాంచర్డ్. మీరు కుక్కల్నీ బూట్లనీ చూస్తూ కూచోండి. నేను ముద్దాయిని పట్టుకుపోతాను. అటు రోడ్లన్నీ మూయించాను. ఎర్ర బానెట్ కారు ఎక్కడ కనబడినా ఆపేస్తారు."

"మీ ముద్దాయిని దేంట్లో పట్టుకుపోతారు?"

రాయిస్ బయటికి చూశాడు. ట్రక్కు ఇంకాస్త దిగింది.

"నాకు పావుగంట ఇవ్వండి," అంది హెస్టర్. "కారు ఇక్కడికి రాకపోతే వెండెల్‌ని నా బండిలో నేనే తీసుకొచ్చి మీకు అప్పజెబుతాను. వస్తే మీరు వెండెల్‌కి అందరిముందూ సారీ చెప్పాలి."

"కారు దానంతటదే నడిచొస్తుందా?"

"రానక్కర్లేదు కూడానేమో."

రాయిస్ వాచీ చూసుకుని చేతులు కట్టుకున్నాడు. "కానివ్వండి. మీకు మిగిలిన ఈ సొంత ఉద్యోగం కూడా ఇవాళ్టితో అయిపోతుంది."

హెస్టర్ ఓ చెక్కపెట్టె మీదికెక్కి చప్పట్లు కొట్టింది. పాతికమందీ తిరిగారు. వాళ్ళ ముఖాల్లో అలసటా, దిగులూ ఉన్నాయి. చేతుల్లో మాత్రం ఇంకా రెంచీలున్నాయి.

"ఇలా చూడండి. లొరెయిన్ బండి లేదు. పనిముట్లున్నాయి, చేతులున్నాయి, పొద్దింకా బోలెడుంది. దిగులుపడుతూ కూచుంటే కార్లు వస్తాయా? తర్వాత వంతు ఎవరిది?"

"డ్వేన్‌ది!" అన్నారు నలుగురైదుగురు ఒక్కసారే.

"అయితే ఆలస్యమెందుకు? డ్వేన్, కప్పు తియ్యి బాబూ."

కొట్టంలో ఒక్కసారిగా ప్రాణం వచ్చింది. దీపాలు వెలిగించారు. ఎవరో జాకీ దొర్లించుకొచ్చారు. డ్వేన్ కాఫీ కప్పు అలాగే పట్టుకుని నిలబడ్డాడు.

"ఇవాళ వద్దండీ," అన్నాడు. "లొరెయిన్ ఇంత బాధలో ఉంటే నా బండి ఎలా..."

"నా బాధ నేను చూసుకుంటాలేవయ్యా," అంది లొరెయిన్ ముక్కు తుడుచుకుని. "నాకూ చేతినిండా పనుంటే బాగుంటుంది. నేనే బోల్టులు విప్పుతాను."

"నా బండికి రేడియేటర్ కావాలి. ఇంకా రాలేదు."

"నా దగ్గరుంది!" అన్నాడు ఓ బట్టతలాయన. "డిక్కీలోనే ఉంది. కొత్తది. తీసుకో, మళ్ళీ ఎప్పుడైనా ఇద్దువుగాని."

"బేరింగు కూడా పోయింది..."

"అదీ ఉంది!" అని అరిచింది గులాబీ తలుపు బండి ఆవిడ.

"నాకు నడుం నొప్పి..."

"నిన్నెవరు వంగమన్నారు? కుర్చీ తెస్తాను, కూచుని చూడు," అని పెర్ల్ నిజంగానే కుర్చీ తెచ్చింది, దాని మీద దిండుతో సహా.

డ్వేన్ తేలు కుట్టిన దొంగలా నిలబడిపోయాడు. ఒక్కరు అనుమానించి ఉంటే తిరగబడేవాడు, ఒక్కరు తిట్టి ఉంటే పారిపోయేవాడు. పాతికమంది ప్రేమగా చుట్టుముట్టి నీ బండి మేం బాగుచేస్తామంటుంటే ఏ దొంగకి మాత్రం దారేది? బట్టతలాయన అతని భుజం మీద చెయ్యేసి మెల్లగా బండి దాకా నడిపించుకొచ్చాడు.

"మొహమాటపడకురా అబ్బాయ్. మొదటిసారి మాకూ ఇలాగే సిగ్గేసింది. లాగు."

తాడు కొస డ్వేన్ చేతిలో ఉంది. అతను లాగలేదు. అంతసేపూ ఓపికపట్టిన హంఫ్రీ ఇక ఆగలేక టార్పాలిన్ అంచు పళ్ళతో పట్టుకుని గుంజింది. ముడి జారింది. కప్పంతా నేలమీద పడింది.

ముందెవరికీ ఏం అర్థం కాలేదు. బూడిదరంగు బానెట్, నీలం తలుపులు, రోజూ చూసే డ్వేన్ బండే. అప్పుడు లొరెయిన్ కుడి పక్క కిటికీలోంచి లోపలికి చూసింది.

స్టీరింగ్ కుడివైపు ఉంది. పక్కన కుక్క బిస్కట్ల డబ్బా ఉంది.

ఆవిడ వేసిన కేక ఆర్మాండ్ పాకలో కూడా వినిపించింది. తలుపు తెరిచి, స్టీరింగ్‌ని కావలించుకుని, ఓ పక్క ఏడుస్తూ ఓ పక్క నవ్వుతూ హంఫ్రీకి గుప్పెడు బిస్కట్లు పడేసింది. కొట్టం పైకప్పు ఎగిరిపోయేలా అరిచారందరూ. వెండెల్ పెర్ల్‌ని పట్టుకుని గిర్రున తిప్పాడు.

"ఇదేమిటి?" అన్నాడు రాయిస్. అతని నోరు ఇంకా పూర్తిగా మూతపడలేదు.

"తప్పు మనందరిదీ," అంది హెస్టర్. "రోడ్ల మీద చల్లే ఉప్పుకి మన బండ్ల రేకులు తుప్పుపడతాయి. పాత సామాన్ల దొడ్లో ఏ రంగు దొరికితే ఆ రంగు బిగించేస్తాం. ఇక ఆ రంగునే బండి పేరనుకుంటాం. ఎర్ర బానెట్ కనిపిస్తే లొరెయిన్, పసుపు తలుపు కనిపిస్తే నేను. ఇంకేమీ చూడం. డ్వేన్ చూశాడు. మనం తిండికి పోగానే రెండు బండ్ల బానెట్లూ మార్చేశాడు. లొరెయిన్ బండిని వెనక్కి పెట్టి కప్పేశాడు. కుంటుతూనైనా నడిచే తన బండికి ఎర్ర బానెట్టూ పోస్టు దీపమూ తగిలించి గేటు దాటించాడు. ఈ కుడిచేతి బండిని రోడ్డెక్కిస్తే మైలు లోపలే ఎవరో ఒకరు ఆపేవారు. ఇక్కడైతే ఎవరూ కప్పు తీయరు. సోమవారం దాటితే చాలు, రూటు అతని చేతికొస్తుంది."

"మీకెలా తెలిసింది?"

"ఆర్మాండ్ పాక బాటకి ఎడమ పక్కన ఉంది. డ్రైవరు తనకి తగిలేంత దగ్గరగా మోచెయ్యి పెట్టి ఊపాడని ఆర్మాండే చెప్పాడు. లొరెయిన్ కుడి పక్క కూచుంటుంది. ఆవిడ చెయ్యి అంత పొడుగా? అంటే బయటికి పోయింది ఆవిడ కారు కాదు. పోయింది అది కానప్పుడు ఆవిడ కారు ఇక్కడే ఉండాలి. బానెట్ ఒంటిచేత్తో బిగిస్తే ఎప్పుడూ వంకరే వస్తుంది, ఇంకొకరు పట్టుకోవాలి. అది చూడండి, ఎంత వంకరగా ఉందో. ఆ బూట్లు చూడండి. అడవి దారిన మంచులో నడిచొచ్చిన బూట్లు. మిగతాది హంఫ్రీ చెప్పింది. లొరెయిన్ ఎప్పుడూ కుడి కిటికీలోంచే దానికి బిస్కట్లు వేస్తుంది."

డ్వేన్ పెర్ల్ తెచ్చిన కుర్చీలోనే కూలబడ్డాడు. "ఎడమ కాలితో నడిపి నడిపి నా నడుం నిజంగానే పోయింది," అన్నాడు నేల చూస్తూ. "ఆ రూటు వస్తే నేనూ ఇలాంటి బండి కొనుక్కుందామనుకున్నా."

"అడిగుంటే వెతికిపెట్టేవాళ్ళం కదరా వెధవా," అన్నాడు బట్టతలాయన. అతనికి కోపంకన్నా బాధే ఎక్కువగా ఉంది.

రాయిస్ వెండెల్ ముందుకొచ్చి టోపీ తీశాడు. "సారీ సార్," అన్నాడు గట్టిగా, అందరికీ వినబడేలా. ఆ ఒక్క విషయంలో మనిషి మాట తప్పడు. తర్వాత బేడీలు డ్వేన్ చేతులకి వేశాడు. "ఇప్పుడు చెప్పు. నీ బండి ఎక్కడ దాచావు?"

"చెరువు మీద."

"చెరువు పక్కనా?"

"మీదే. కొండవెనక మలుపులో, చెట్లు వంగి ఉంటాయి, అక్కడ గడ్డకట్టిన మంచు మీద. రోడ్డు నుంచి కనబడదు." అందరూ తననే చూస్తున్నారని డ్వేన్‌కి అప్పుడు తెలిసింది. "ఏం? పొద్దున వెళ్ళి చూశాను కదా. రాయిలా ఉంది."

కేక విని వచ్చి గుమ్మంలో గరిటతో నిలబడ్డ ఆర్మాండ్ ఆకాశం కేసి చూశాడు. ఎండ చురుక్కుమంటోంది. చెట్లలో రసం ధార కడుతోంది.

"పొద్దున," అన్నాడు ఆర్మాండ్. "ఒరే నాయనా. మార్చి నెలలో పొద్దున!"

కొండ అవతల్నించి ధడేలుమని చప్పుడొచ్చింది. లోపల్లోపల ఉరిమినట్టు, చాలా దూరం సాగింది. చెరువు మంచు పగులుతోంది.

"కారేం పాపం చేసిందిరా!" అని కేకేశాడు వెండెల్. "తాళ్ళు! గొలుసులు! కదలండి!"

ఒక్క నిమిషంలో కొట్టం ఖాళీ అయింది. మేకుల మీద తాళాలన్నీ గలగలమన్నాయి. గులాబీ తలుపూ, నల్ల తలుపూ, పచ్చ డిక్కీ, ఒకదాని వెనక ఒకటి బురద చిమ్ముకుంటూ గేటు దాటాయి. అన్నిటికన్నా ముందు వంకర బానెట్ వేసుకున్న లొరెయిన్ బండి. వెనక సీట్లో డ్వేన్, రాయిస్. రాయిస్ ముందు అలవాటుకొద్దీ కుడి తలుపు తెరిచి లొరెయిన్ ఒళ్ళో కూచోబోయాడు. ఆవిడ కసిరితే వెనక్కెళ్ళాడు. ఎడమ సీట్లో హెస్టర్, ఆవిడ ఒళ్ళో హంఫ్రీ.

మలుపు తిరిగేసరికి చెట్ల సందుల్లోంచి చెరువు కనిపించింది. తెల్లటి మంచు మీద నల్లటి గీత ఒకటి పాకుతోంది. దాని కొసన ఎర్ర బానెట్ ముక్కు కిందికి వంచి, మెల్లగా నీళ్ళలోకి దిగుతోంది.

"నా కారు!" అని అరిచాడు డ్వేన్.

"నా బానెట్!" అని అరిచింది లొరెయిన్, ఆక్సిలరేటర్ మీద కాలు పూర్తిగా నొక్కేస్తూ.